లైనుకంతటికీ ఒకటే ఫ్రిజ్జు

పోయిన నెల మా ఇంట్లో ఫ్రిజ్జు మూలపడింది. కొత్తది కొందామని మా అమ్మాయి నన్ను దుకాణానికి తీసుకెళ్లింది. టై కట్టుకున్న కుర్రాడొకడు మమ్మల్ని తలుపంత ఎత్తున్న ఫ్రిజ్జు ముందు నిలబెట్టి, "ఇది మీ ఫోనుతో మాట్లాడుతుంది మేడమ్. తలుపు సరిగ్గా వెయ్యకపోతే కబురు పంపుతుంది. ఏ అర ఎంత చల్లగా ఉందో మీరు ఊళ్లో లేకపోయినా తెలుస్తుంది" అన్నాడు. మా అమ్మాయి తెగ ముచ్చటపడిపోయింది. నేను ఐసు అర తెరిచి, లోపల చెయ్యి పెట్టి చూసి, "ఇందులో ఏం పెట్టకూడదో చెబుతుందా?" అని అడిగాను. కుర్రాడు నవ్వాడు. పెద్దావిడ చాదస్తం అనుకుని ఉంటాడు.

నేను వేళాకోళానికి అడగలేదు. మా నాయనమ్మ బతికుంటే ఆవిడా ముందు అదే అడిగేది. ఎందుకో చెప్పాలంటే స్టీలు ప్లాంటు ఇంకా పునాదుల మీద ఉన్న రోజుల్లోకి వెళ్లాలి.

అప్పుడు మేం గాజువాక దగ్గర ఒక లైనింట్లో ఉండేవాళ్లం. వరసగా ఆరు వాటాలు, ముందు ఒకటే పొడుగాటి వసారా, వెనక ఒకటే నుయ్యి. మా నాన్న పోర్టులో క్రేను నడిపేవాడు. ఇంటికొస్తే గ్రీజూ, ఇనప ఖనిజం ధూళీ కలిసిన వాసన వచ్చేది. ఆ ఎర్రధూళి ఎన్నిసార్లు ఉతికినా బనియన్లని వదిలేది కాదు. లైన్లో సగంమంది మాలాగే విజయనగరం, శ్రీకాకుళం వైపు పల్లెల్లో సేద్యం వదిలేసి వచ్చినవాళ్లు. మిగతా సగం ప్లాంటు పనుల కోసం గోదావరి జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్లు ప్రతి మాటకీ 'అండి' తగిలించేవాళ్లు. "కుక్కని తోలినా అండీ అనే తోల్తారే ఈళ్లు" అని మా నాయనమ్మ మురిసిపోయేది. ఆవిడ నోట మర్యాద మాట రావడం అరుదు గనక ఇతరుల నోట వింటే ఆవిడకి బాగుండేది.

ఆ రోజుల్లో కొత్త వస్తువు ఒక ఇంటికి వచ్చేది కాదు, లైనుకి వచ్చేది. చివరి వాటా వాళ్లు ప్రెషర్ కుక్కరు కొన్నప్పుడు ఆరు వాటాల ఆడవాళ్లూ వాళ్ల వంటింటి గుమ్మం బయట నిలబడ్డారు. లోపలికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. మొదటి కూత వినపడగానే మా నాయనమ్మ నూతి దాకా పరిగెత్తి, అక్కణ్ణించి "అన్నం ఈలేసి పిలవడవేటి, రౌడీ ఎదవలాగ!" అని అరిచింది. ఆ తరవాత గ్యాస్ పొయ్యి వచ్చింది. గ్యాస్ మీద వండిన అన్నం తింటే కడుపులో గ్యాస్ చేరుతుందని మూడో వాటా మావయ్య ప్రకటించాడు.

మూడో వాటా మావయ్య ఆటోనగర్లో లేతు మిషను మీద పని చేసేవాడు. మాకు చుట్టమేం కాదు, మా నాన్నని 'బావా' అనేవాడు గనక మాకు మావయ్య. ఆయనకి తెలియని సంగతి ఉండేది కాదు. తెలియకపోతే అప్పటికప్పుడు తయారుచేసేవాడు. సాయంత్రం వసారాలో కూర్చుని పొద్దుటి పేపరు పైకి చదివేవాడు.

"సూసినావా బావా, కంప్యూటరంట. పదిమంది గుమస్తాల పని ఒక్కటే సేసెత్తాదంట."

"మరా పదిమందీ ఏటి తింటారు?" అనేది మా నాయనమ్మ మల్లెపూలు మాలకడుతూ.

"అది పేపర్లో రాయలేదత్తా."

"రాయరు. తినేది ఎప్పుడూ రాయరు."

ఇలాంటి లైనుకి ఒక వేసవి మొదట్లో మా నాన్న ఫ్రిజ్జు తెచ్చాడు. కొత్తది కాదు. సీతమ్మధారలో ఉండే ఆఫీసరొకాయన బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మేసింది. గుండ్రటి భుజాలు, వెన్నరంగు, లారీ తలుపుకి ఉండేలాంటి లావాటి హ్యాండిలు. రిక్షా బండి మీద పడుకోబెట్టి, తాళ్లు కట్టి తెచ్చారు. దాని వెనకే మా నాన్న సైకిల్ తొక్కుకుంటూ వచ్చాడు. ముఖం చూస్తే పెళ్లికూతుర్ని తీసుకొస్తున్నట్టు ఉంది.

మావయ్య చూస్తూనే తల పట్టుకున్నాడు. "పడుకోబెట్టి తెచ్చినావేటి బావా! లోపల గేసు తలకిందులైపోద్ది. రోజంతా నిలబెట్టి ఉంచు, దానికి కళ్లు తిరగడం తగ్గాలి. అప్పుడు స్విచ్చెయ్యి."

అది తయారుచేసిన సంగతే అనుకున్నాం గానీ, ఇరవై ఏళ్ల తరవాత ఒక మెకానిక్ కూడా అదే చెప్పాడు. మొత్తానికి ఆ రోజంతా ఫ్రిజ్జు ముందుగదిలో ఊరికే నిలబడింది. వంటింట్లో చోటు లేక అక్కడ పెట్టామని అమ్మ అందరికీ చెప్పేది. వీధిలోంచి కనపడాలని నాన్న అక్కడ పెట్టాడని అందరికీ తెలుసు. మా నాయనమ్మ దానికి పసుపు రాసి, మూడు బొట్లు పెట్టి, గుమ్మడికాయతో దిష్టి తీసి, ముందు కొబ్బరికాయ కొట్టింది. ఆ కొబ్బరినీళ్లే మొట్టమొదట ఆ ఫ్రిజ్జులో పెట్టాం. తాగిన ప్రతివాళ్లూ పళ్లు పట్టుకుని "ఓలమ్మో" అన్నారు.

నాకు మాత్రం లోపలి దీపం మీదే అనుమానం. తలుపు వేస్తే ఆరుతుందా, వెలుగుతూనే ఉంటుందా? తలుపు సందులో కన్ను పెట్టి రోజుకి పదిసార్లు చూసేదాన్ని. ఒకసారి అరలు తీసేసి లోపల కూర్చుని చూద్దామనుకున్నాను. అమ్మ చూసి వీపు మీద ఒకటిచ్చింది. ఆ దెబ్బ పడకపోతే ఈ కథ చెప్పడానికి ఉండేదాన్ని కాదేమో.

వారం తిరిగేసరికి ఫ్రిజ్జు మాది కాకుండా పోయింది. పక్కవాటా వాళ్ల పాలు, చివరి వాటా వాళ్ల అట్లపిండి, తడిగుడ్డలో చుట్టిన ఎవరివో మల్లెపూలు, మా చేపలు. ఎవరి గిన్నె ఎవరిదో తెలియడానికి అంచులకి రంగుదారాలు కట్టేవాళ్లు. ఫ్రిజ్జు నీళ్లు తాగితే గొంతు పూడుకుపోతుందన్నవాళ్లే మిట్టమధ్యాహ్నం చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు.

ఈ సంతనంతా చక్కబెట్టేది మా నాయనమ్మ. ఆవిడకి ప్రతి వస్తువుకీ ఒక ఎత్తు ఉండేది. పల్లెలో వాళ్లింట్లో విత్తనాల కుండ దూలానికి, అన్నిటికంటే పైన వేలాడేదట. కరువొచ్చి ఇంటిల్లిపాదీ పస్తులున్నా దాని మీద చెయ్యి వెయ్యరు. దాని కిందన ఊరగాయ జాడీలు, ఇంకా కింద రోజువారీ గిన్నెలు, నేలమీద చేపల తట్ట. "ప్రాణవైంది పైన, రుసైంది కిందన" అనేది. ఫ్రిజ్జుకీ అదే శాసనం. అడుగున కూరగాయల డబ్బాలో చేపలు, దానిపైన కూరలు, పిండి, వాటి మీద పాలూ పెరుగూ. అన్నిటికంటే పైన చిన్న తలుపుతో ఐసు అర. "సల్లదనవంతా ఇక్కడే పుడతాదే" అని దానికి చేతులు జోడించడం ఒక్కటే తక్కువ. అంత గొప్ప చోట నేను ఐసు కోసం నీళ్లు పెడితే ఆవిడకి గిట్టేది కాదు. "ప్రాణవైంది ఉండాల్సిన సోట నీళ్లేటే గుంటా" అని సణిగేది. కానీ ఐసు ముక్క నోట్లో వేస్తే చప్పరించేది.

పక్కవాటాలో గోదావరి వాళ్లమ్మాయి ఉండేది. నా ఈడుదే, పదేళ్లు. నా జట్టు. సన్నగా, రెండు జడలు వేసుకుని, ఎప్పుడూ చెప్పినమాట వినే రకం. దానికి చక్కెర జబ్బు. చక్కెర జబ్బు ముసలివాళ్లకే వస్తుందనుకునే మా లైనుకి ఇది పెద్ద వింత. రోజూ పొద్దున్నే వాళ్లమ్మ దానికి సూది పొడిచేది. నేను ఆవిణ్ణి అత్తయ్యగారూ అనేదాన్ని. అత్తయ్యగారు ముందు దాని ఉచ్చ నాలుగు చుక్కలు గాజుగొట్టంలో నీలంమందులో వేసి, స్పిరిట్ దీపం మీద కాచేది. రంగు మారకపోతే మంచిది. ఆకుపచ్చ అయితే ఫరవాలేదు. పసుపైతే జాగ్రత్త. ఇటుకరంగు వస్తే మాత్రం ఒంట్లో చక్కెర పొంగిపోతున్నట్టు. పిల్లలం గారడీ చూసినట్టు మూగేవాళ్లం. అది మాత్రం సిగ్గుతో అటు తిరిగి కూర్చునేది. "ఇవాళ ఏ రంగు?" అన్నది మా లైన్లో పొద్దుటి పలకరింపు.

ఆ సూదిమందు చల్లటి చోట ఉండాలి. అంతకుముందు కుండలో తడి ఇసక పోసి, దాంట్లో సీసా పాతిపెట్టేవాళ్లు. మా ఫ్రిజ్జు వచ్చిన మూడోరోజున అత్తయ్యగారు సీసా కొంగులో పెట్టుకుని వచ్చి గుమ్మం బయటే నిలబడింది.

"మామ్మగారండి, ఏమీ అనుకోకపోతే ఇదొక్కటి మీ ఫ్రిజ్జులో ఉంచుతారాండి? చిన్నదేనండి, చోటేం పట్టదండి."

"అడగాలేటే పిల్లా! ప్రాణం నిలబెట్టే మందు. రా, లోపలికి రా."

"తలుపు అరలో పెట్టమన్నారండి డాక్టరుగారు."

"తలుపులోనా? వచ్చేపోయేవోళ్ల తోవలోనా?" అని మా నాయనమ్మ ముఖం చిట్లించింది. కానీ డాక్టరు మాట గనక ఊరుకుంది. అప్పట్నించి అత్తయ్యగారు రోజూ పొద్దున్న ఆరింటికి మా తలుపు కొట్టడం, సీసా తీసుకోవడం, సూది వేశాక మళ్లీ తెచ్చి పెట్టడం. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి ఊడ్చో, కడిగో వెళ్లేది. వద్దన్నా వినేది కాదు. మంచావిడ అనుకునేవాళ్లం.

ఎండలు ముదిరాక ఒకరోజు పొద్దున పోయిన కరెంటు సాయంత్రం దాకా రాలేదు. అడపాదడపా పోవడం మామూలే గానీ ఇంతసేపు ఎప్పుడూ పోలేదు. ఫ్రిజ్జు కింద నుంచి నీళ్లు కారాయి. పూలు వాడిపోయాయి. పాలు విరిగిపోతాయని ఎవరి గిన్నెలు వాళ్లు తీసుకెళ్లిపోయారు. మావయ్య వచ్చి తలుపు తెరిచి, లోపల చెయ్యి పెట్టి, "పొయ్యిలాగున్నాది. వేడికి మందులు సచ్చిపోతాయత్తా, పేపర్లో సదివినాను" అని చెప్పి వెళ్లిపోయాడు.

చీకటి పడుతుండగా కరెంటు వచ్చింది. మా నాయనమ్మ ఫ్రిజ్జు ముందు నిలబడి కాసేపు ఆలోచించింది. తరవాత తలుపు అరలోంచి సీసా తీసింది. ఐసు అర తెరిచి, నా నీళ్ల పళ్లెం ఒక పక్కకి నెట్టి, సీసాని చిన్న గుడ్డపీలికలో చుట్టి లోపల పెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆవిడ ముఖంలో తృప్తి కనపడింది. విత్తనాల కుండని దూలానికి కట్టినప్పుడు కూడా అలాగే చూసేదేమో.

"ఇప్పుడు సరైన సోట ఉన్నాది" అంది.

ఆ సాయంత్రమే నేనూ ఒక ఘనకార్యం చేశాను. అమ్మ చూడకుండా పంచదార తీసి, నిమ్మరసంలో కలిపి, రెండు చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, చీపురుపుల్లలు గుచ్చి, ఆ సీసా పక్కనే ఐసు అరలో పెట్టాను. తెల్లారకుండానే లేచి ముందుగదిలోకి వెళ్లేసరికి మా నాయనమ్మ అప్పటికే అక్కడ ఉంది. నేలమీద కూర్చుని, రెండు అరచేతుల మధ్య సీసా పెట్టుకుని, నోటితో ఆవిరి ఊదుతోంది.

"ఏటైంది నాయనమ్మా?"

"గడ్డకట్టేసినాదే" అంది మెల్లగా.   "కరుగుతోందిలే. నీళ్లు గడ్డకట్టినా కరిగితే మళ్లీ నీళ్లే కదేటి."

కరిగాక సీసా వెలుతురుకి ఎత్తి చూసింది. మామూలుగానే పల్చటి పాలనీళ్లలా కనపడింది. చీరకొంగుతో తుడిచి తలుపు అరలో పెట్టేసింది. అప్పటికి నేను ఐసు అరలోంచి నా నిమ్మ ఐసు గిన్నె తీశాను, అది ఆవిడ చూసింది.

"నీ పంచదార సంగతి నాను మీ అమ్మకి సెప్పను. ఈ సీసా సంగతి నువ్వు ఎవరికీ సెప్పకు. పాపం ఆ తల్లి బెంగెట్టుకుంటాది."

బేరం నాకు నచ్చింది. ఒప్పుకున్నాను.

మధ్యాహ్నం దాకా ఐసు గిన్నెలు అరలోనే ఉంచి, అప్పుడు తీసుకుని నూతి వెనక నేనూ నా జట్టూ కూర్చున్నాం. ఒక ఐసు నేను తినేశాను. రెండోది కరిగి మోచేతి దాకా కారుతోంది. అది నోరు తెరిచి అడగలేదు. కళ్లతో చూస్తోంది, అంతే. "ఒక్కసారి నాకి ఇచ్చెయ్యి, ఏం కాదు" అన్నాను. ఒక్కసారి నాకింది. కళ్లు మూసుకుంది. మళ్లీ నాకింది. చివరికి పుల్ల మాత్రం నాకిచ్చింది.

మర్నాడు గాజుగొట్టంలో ఇటుకరంగు వచ్చింది.

అత్తయ్యగారు మొదట గొట్టం సరిగ్గా కడగలేదేమో అనుకుంది. మళ్లీ కాచింది. మళ్లీ ఇటుకరంగే. ఆరోజు మందు కాస్త ఎక్కువ వేసింది. ఆ మర్నాడూ అదే రంగు. పిల్ల చెంబుల కొద్దీ నీళ్లు తాగుతోంది, పెరట్లోకి పరిగెత్తుతోంది. మందు లోపలికి వెళ్తోంది, రంగు మారడం లేదు. అంటే పిల్ల దొంగతనంగా తీపి తింటోందన్నమాట. ఆవిడకి ఇంకో కారణం తట్టే దారే లేదు.

"ఏం తిన్నావే?" అని వసారాలో నిలబెట్టి అడిగింది.

"ఏం తినలేదమ్మా."

"అబద్ధం చెప్పకు. ఎవరిచ్చారు? ఎవరింట్లో తిన్నావు?"

"ఎవరూ ఇవ్వలేదమ్మా."

చెంప మీద కొట్టింది. ఆవిడ పిల్లని కొట్టడం నేను ఎప్పుడూ చూడలేదు. కొట్టి ఆవిడే ఏడ్చింది. నేను స్తంభం పక్కనే ఉన్నాను. అది నా వైపు ఒక్కసారి చూసి తల దించేసుకుంది.  నా ఐసు వల్లే ఇదంతా అని నాకు తెలుసు, లేదా తెలుసనుకున్నాను. చెబితే నన్ను చంపేస్తారని భయం. మా నాయనమ్మ గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తోంది. చేతిలో చాటలో బియ్యం అలాగే ఉన్నాయి. ఒక్క రాయి కూడా ఏరలేదు. ఆ రోజు ఆవిడ అన్నం తినలేదు. నేను తిన్నాను. అది కూడా చెప్పాలి.

మూడోరోజు పిల్ల వాంతులు చేసుకుంది. మంచం మీంచి లేవలేదు. దగ్గరికెళ్తే నోట్లోంచి బాగా మాగిపోయిన పండు వాసన. పిలిస్తే ఊఁ అంటోంది గానీ కళ్లు తెరవడం లేదు. దాని నాన్న ప్లాంటు నుంచి పరిగెత్తుకొచ్చాడు. మావయ్య ఎక్కణ్ణించో ఆటో తెచ్చాడు. అత్తయ్యగారు మందుసీసా కొంగులో కట్టుకుంది, ముగ్గురూ కలిసి పిల్లని ఎత్తుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు.  ఆటో వెళ్లిపోయాక లైన్లో ఎవరి పొయ్యీ వెలగలేదు.

సాయంత్రం దాని నాన్న బట్టల కోసం వచ్చాడు. వసారాలో అందరూ చుట్టూ చేరారు. 

"సెలైన్ ఎక్కిస్తున్నారండి. ఏ సంగతీ రేపు పొద్దున్నకి గానీ చెప్పలేమన్నారండి." జేబులోంచి మందుసీసా తీశాడు. "డాక్టరమ్మగారు దీన్ని చూశారండి. గాజుకి తెల్లటి పలుకులు అంటుకున్నాయి, మందు చెడిపోయింది, ఎక్కడైనా గడ్డకట్టిందా అని అడిగారండి. గడ్డకడితే ఇంక అది నీళ్లతో సమానవంటండి. మా ఆవిడ లేదండీ, ఎప్పుడూ తలుపులోనే ఉందండీ అని చెప్పిందండి."

నేను మా నాయనమ్మ వైపు చూశాను. మా నాన్న, అమ్మ, మావయ్య, ఆరు వాటాల జనం అక్కడే ఉన్నారు. ఆ మాట అక్కడితో పోయేది. అడిగినవాళ్లు లేరు, అనుమానించినవాళ్లు లేరు. సాక్ష్యం నేనొక్కదాన్నే, నా నోటికి బేరం తాళం ఉంది.

"నానే పెట్టినాను" అంది మా నాయనమ్మ.

ఎవరికీ అర్థం కాలేదు.

"నానే బాబూ. కరెంటు పోయిన్రోజు. తలుపులో వేడెక్కిపోతాదని పై అరలో పెట్టినాను. గడ్డకట్టేసినాది. సేతుల్తో కరిగించి మళ్లీ తలుపులో పెట్టేసినాను. ఎవులికీ సెప్పలేదు. ఆ పిల్ల ఏటీ దొంగతనంగా తినలేదు. దాన్ని కొట్టొద్దని సెప్పు మీ ఆడదానికి."

మా నాన్న ముఖం నల్లబడిపోయింది. "ఏటమ్మా ఇది! రేపే ఈ ప్రిజ్జు అమ్మేత్తాను" అని అరిచాడు.   పిల్ల నాన్న మాత్రం సీసా చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు. తిట్టుంటే బాగుండేది. మా నాయనమ్మ లోపలికి వెళ్లి ఇంకో చీర మూటకట్టుకుని వచ్చింది. "నన్నూ తీసుకెల్లు బాబూ. డాక్టరమ్మకి నా నోటితో సెప్తాను" అంది.

ఈ ఊరొచ్చి ఎన్నేళ్లయినా పెద్దాసుపత్రి ఉన్న కలెక్టరాఫీసు వైపు ఎప్పుడూ వెళ్లని మనిషి, ఆయనతో బస్సెక్కి వెళ్లి నాలుగు రోజులు ఆసుపత్రి వరండాలో కూర్చుంది. అత్తయ్యగారు మొదటి రోజంతా ఆవిడ ముఖం చూడలేదట. రెండోరోజు పిల్ల కళ్లు తెరిచి నీళ్లడిగాక, ఒక ఇడ్లీ పొట్లం తెచ్చి ఆవిడ పక్కన పెట్టి వెళ్లిందట.  ఆ ఇడ్లీ తిన్నావా నాయనమ్మా అని నేను తరవాత అడిగాను. "తిన్నాను. తినకపోతే ఆ తల్లిని కొట్టినట్టే" అంది.

వారం తరవాత పిల్ల ఇంటికొచ్చింది. బుగ్గలు పీక్కుపోయాయి, జడలు విప్పి జుట్టు చిన్నగా కత్తిరించేశారు. మర్నాడు పొద్దున్న ఆరింటికి మా తలుపు చప్పుడైంది. అత్తయ్యగారు. చేతిలో కొత్త సీసా. మా నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడిపోయింది.

"వద్దమ్మా. నా ఇంట వద్దు. మళ్లీ కుండలో పెట్టుకో. నా సెయ్యి మంచిది కాదు."

"ఈ ఎండలకి కుండ ఆగదండి మామ్మగారండి" అంది ఆవిడ. కోపంగా లేదు, ప్రేమగానూ లేదు. నీళ్ల బిందె దింపినంత మామూలుగా అంది. "ఇంకెక్కడ పెట్టమంటారండి? దీన్ని ఎక్కడ పెట్టకూడదో ఈ లైన్లో మీకంటే బాగా ఇంకెవరికి తెలుసండి?"

సీసాని మా నాయనమ్మ చేతిలో పెట్టింది. మా నాయనమ్మ దాన్ని తలుపు అరలో పెట్టి, తలుపు వేసి, దాని మీద తల ఆనించి ఏడ్చింది. అంత పెద్ద మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఫ్రిజ్జు అమ్మేస్తానన్న మాట మా నాన్న మళ్లీ ఎత్తలేదు.

ఇంత జరిగినా నేను మాత్రం నా ఐసు సంగతి ఎవరికీ చెప్పలేదు. అందరూ నాయనమ్మ తప్పే అనుకున్నారు. ఎక్కువ తప్పు అదే, నిజమే. కానీ నా జట్టు చెంపదెబ్బ తిన్నది ఎవరిచ్చారంటే చెప్పనందుకు. ఇచ్చింది నేను. ఆ మధ్యాహ్నం వసారాలో ఇద్దరమే ఉన్నప్పుడు అడిగేశాను.

"మీ అమ్మ కొడుతుంటే నా పేరెందుకు చెప్పలేదు?"

నేను అనుకున్న జవాబు ఒకటుంది. నువ్వు నా జట్టు కాబట్టి అంటుందని. ఆ మాట వినాలనే అడిగాను కూడా.

అది తన కత్తిరించిన జుట్టు సవరించుకుంటూ, చాలా మామూలుగా చెప్పింది. "చెబితే మా అమ్మ మీ అమ్మతో గొడవపడుద్ది కదా. గొడవైతే మీ ఫ్రిజ్జులో నా మందు పెట్టనివ్వరు కదా."

 లేచి లోపలికి వెళ్లి మా నాయనమ్మకి మొత్తం చెప్పేశాను. పంచదార, ఐసు, స్తంభం పక్కన నిలబడటం, ఇప్పుడు అది అన్న మాట, అన్నీ. తిడుతుందనుకున్నాను.  "రోజూ వచ్చి మన గుమ్మం ఊడుత్తంటే మంచి మనిసి అనుకున్నాను గానీ, ఎందుకు ఊడుత్తందో అనుకోలేదే నాను" అంది తనలో తను. తరవాత లేచి వసారాలోకి వెళ్లి ఆ పిల్ల ముందు చతికిలబడింది.

"ఇలగ సూడు గుంటా. నా మనవరాలు నిన్ను గిల్లితే నువ్వూ గిల్లు. జుట్టు పట్టుకుంటే నువ్వూ పట్టుకో. మీ అమ్మా మా కోడలూ కొట్టుకున్నా సరే, నువ్వు మా ముఖం మీద ఉమ్మేసినా సరే, ఆ సీసా ఆ తలుపులోంచి కదలదు. నాను సచ్చినా కదలదు. తెలిసినాదా?"

అది తెలిసిందన్నట్టు తలూపింది. నమ్మిందో లేదో నాకు ఆ రోజు తెలియలేదు.

దానికి ఓపిక వచ్చాక, నాలుగు రోజులకి పెరట్లో తొక్కుడుబిళ్ల ఆడుతున్నాం. అప్పటిదాకా నేను గీత తొక్కినా తొక్కలేదంటే సరేననేది. మంచిపిల్ల అనుకునేదాన్ని. ఆరోజు నడుం మీద చెయ్యి పెట్టుకుని, లైనంతా వినపడేలా అరిచింది.

"తొక్కేసావు! నేను చూశాను. తొక్కేసావు, నువ్వు ఔటు!"

నేను నిజంగానే తొక్కాను.